వార్తల్లో పదం: శాండ్‌బ్యాగింగ్

చదరంగంలో 1600 లోపు రేటింగ్ వాళ్లకు విడిగా పోటీలు, నగదు బహుమతులు ఉంటాయి. కావాలని ఓడి రేటింగ్ తగ్గించుకుని, ఆ పోటీలో దిగి బహుమతి ఎగరేసుకుపోవడమే శాండ్‌బ్యాగింగ్. సమఉజ్జీ చేతిలో ఓడితే పెద్దలకు సాధారణంగా 10 పాయింట్లు పోతాయి. కొన్ని ఆటలు వదిలేస్తే చాలు, 1600 గీత కిందికి చేరొచ్చు.

హైదరాబాద్‌లోని అబిడ్స్ ఫుట్‌పాత్‌పై ఆదివారం పాత చదరంగం పుస్తకం కొనుక్కుని సాధన చేసిన కుర్రాడికి రేటింగ్ కంటే బలం ఎక్కువే ఉండొచ్చు. అతనిది తప్పు కాదు. గెలిచేకొద్దీ రేటింగే అతన్ని అందుకుంటుంది. పోటీ కోసం ఊరి నుంచి వచ్చి నాంపల్లి స్టేషన్‌లో దిగే పిల్లలకు మాత్రం శాండ్‌బ్యాగర్ ఎదురైతే ప్రవేశ రుసుము, ప్రయాణం వృథా. ఇది దొంగతనమే అంటాను.

వీడియో గేముల్లో ఇలాంటిదే స్మర్ఫింగ్: ఆరితేరినవాళ్లు కొత్త ఖాతాతో కొత్తవాళ్ల మీద పడటం. 2023 సెప్టెంబరులో వాల్వ్ సంస్థ డోటా 2లో అలాంటి 90,000 ఖాతాల నిషేధాన్ని ప్రకటించింది.

మళ్లీ చదరంగానికి వస్తే, 2024 మార్చిలో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే 2000 లోపు రేటింగులను పెంచింది; 1500 ఉన్నవాళ్లు 1700కు చేరారు. గీత అటూఇటూ అయినా, కావాలని ఓడేవాణ్ని పట్టుకోవాల్సింది పోటీ నిర్ణేత అయిన ఆర్బిటరే.