ఆ గట్టి గోలీ

షిఫ్టు వదిలే వేళ. బాలానగర్‌లో ఓ మెడికల్ షాపు ముందు లేత్ ఆపరేటర్ ఒకాయన నడుం పట్టుకుని నిలబడ్డాడు. "అన్నా, మొన్నటి గట్టి గోలీ ఇంకో షీటు ఇయ్యి." చీటీ లేదు. పేరు అడిగితే ట్రమడాల్ అని షాపతనే చెప్పాడు. ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ నడిచిన పేట మరి, గోలీలంటే ఇక్కడ ఎవరికీ బెదురు లేదు.

అపోహ: నొప్పి మాత్రలన్నీ ఒకటే, కొన్ని కాస్త గట్టివి.

కాదు. డైక్లోఫెనాక్ దెబ్బ తగిలిన చోట వాపు పుట్టించే రసాయనాలను తగ్గిస్తుంది. ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ దెబ్బ జోలికే పోదు. మన ఒంట్లో పుట్టే ఎండార్ఫిన్ల కోసం వెన్నుపాములో, మెదడులో ఉన్న గ్రాహకాలకు అతుక్కుని, నొప్పి కబురు పైకి పోకుండా ఆపుతుంది. ఊపిరిని నడిపే చోటా అవే గ్రాహకాలు ఉన్నాయి. మందు మోతాదు మించినా, పైన మద్యం పడినా శ్వాస మందగించేది అందుకే.

మార్ఫిన్, కోడీన్ నల్లమందులోంచే వస్తాయి. కోడీన్‌లో కొంత భాగాన్ని కాలేయం మార్ఫిన్‌గా మారుస్తుంది. ఆ మార్పు అందరిలో ఒకేలా జరగదు కనుక ఒకరికి పనిచేసిన మోతాదు ఇంకొకరికి చాలదు, మరొకరికి ఎక్కువవుతుంది. ఆక్సికోడోన్ సగం సహజం, సగం కృత్రిమం. ఫెంటానిల్, ట్రమడాల్ పూర్తిగా ల్యాబులో పుట్టినవి. పుట్టుకను బట్టి బలం చెప్పలేం: ఫెంటానిల్ మార్ఫిన్ కంటే సుమారు 100 రెట్లు బలమైనది.

అపోహ: ట్రమడాల్ మామూలు మాత్రే.

అలవాటు పడుతుంది, కొందరికి ఫిట్స్ తెప్పిస్తుంది. 2018లో కేంద్రం దాన్ని మత్తుమందులను అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చింది.

అపోహ: మార్ఫిన్ రాశారంటే మనిషి ఇక దక్కడు.

మా పెద్దమ్మకు క్యాన్సర్ నొప్పికి డాక్టరు మార్ఫిన్ రాస్తే ఇంటిల్లిపాదీ వారం పాటు చీటీ దాచారు. క్యాన్సర్ నొప్పికి అది రోజూ వాడే మందు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి చూసుకుంటూ పెంచుతారు. హఠాత్తుగా ఆపితే ఒళ్లు తిరగబడుతుంది, నిజమే; మత్తు కోసం వెంపర్లాడటం వేరు. 2014లో కేంద్రం అదే ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించి, ఆ తర్వాత మార్ఫిన్‌తో సహా ఆరు మందులను 'అత్యావశ్యక నార్కోటిక్ మందులు'గా గుర్తించింది కూడా పెద్దమ్మ లాంటివాళ్ల కోసమే. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది.

మాత్ర వేసిన రెండో రాత్రి పెద్దమ్మ తెల్లారేదాకా నిద్రపోయింది. లేచి చాయ్ అడిగింది. డాక్టరు ఫోన్‌లో ఒక్కటే గట్టిగా చెప్పాడు: "మలబద్ధకం మాత్రం వదలదు, విరేచనం మందు రోజూ పడాల్సిందే."