శీతకాలమున సాలూరు కొండదారి: రాత్రి బస

సాలూరు దాటిన బాట కొద్దిదూరములోనే కొండల నెక్క నారంభించును. సుంకి, పొట్టంగి, సెమిలిగుడల మీదుగా అది కోరాపుట్టు చేరును. దూరము 70 కిలోమీటర్లకు మించును. పూర్వము బంజారీలు సముద్రతీరపు ఉప్పును ఎడ్లపై నెక్కించి ఈ కనుమలగుండ జయపురపు సీమకు కొనిపోయెడివారు. నేడు సరకులు మోయు పని లారీలది. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనపుడు కోరాపుట్టు సీమ విశాఖపట్టణము జిల్లానుండి విడివడినది. కావున ఈ అడవులలో బసచేయదలచువారు బయలుదేరుటకు ముందే ఉభయ రాష్ట్రముల అటవీశాఖలవారి అనుమతి పొందవలెను.

లారీల బాటను విడిచి, కొండపల్లెలను కలుపు కాలిదారులను పట్టి నడచుటకు మార్గశిర పుష్యములు మిక్కిలి అనుకూలమైన మాసములు. వానలు వెనుకబట్టి గెడ్డలలో నీరు తేటపడియుండును. మెట్టచేలలో వలిసెపూలు పచ్చగా విరిసియుండును. ఎండ బాధింపదు. పగటి నడక యందు గొప్ప కష్టము లేదు. కష్టమంతయు రాత్రియందే కలదు. రాత్రి ఎచట పరుండవలెనన్నదే ఈ ప్రయాణమున ముఖ్యమైన ప్రశ్న.

వేయి మీటర్లెత్తునకు పోయినచో గాలి వేడిమి రమారమి 6 డిగ్రీలు తగ్గునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. సాలూరు సముద్రమట్టమునకు సుమారు 120 మీటర్ల ఎత్తున, కోరాపుట్టు సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్నవి. ఈ లెక్కను బట్టి రెంటికిని భేదము సుమారు నాలుగున్నర డిగ్రీలు మాత్రమే కావలెను. కాని కొండలలోని రాత్రి చలి ఈ లెక్కకు లోబడదు. శీతకాలపు ఆకాశమున మబ్బుండదు. గాలిలో తేమ తక్కువ. అందుచే ప్రొద్దు క్రుంకినది మొదలు నేల తన వేడిని త్వరత్వరగా ఆకాశమునకు విడిచివేయును. నేల నంటియున్న గాలి చల్లబడి బరువెక్కును. బరువెక్కిన గాలి నీటివలెనే వాలువెంట దిగజారి లోయ అడుగున నిలిచిపోవును. కనుమ మలుపున నిలిచి తెల్లవారుజామున క్రిందికి చూచిన, లోయలో పాలు పోసినట్లు మంచు నిండియుండుట తరచుగా కానవచ్చును. చలిగాలి ఎచట చేరినదో ఆ మంచే చెప్పుచున్నది.

కొత్తవారికి గెడ్డ ఒడ్డు బసకు ముచ్చటగా తోచును. నీరు దగ్గర, నేల చదును. కాని రాత్రివేళ ఆ తావే మిక్కిలి చల్లనిది; తెల్లవారునప్పటికి బట్టలన్నియు మంచుచే తడిసియుండును. కొండకొనయు మంచిది కాదు. అచట గాలి విసరి ఒంటి వేడిని హరించును. గెడ్డకు పైగా, కొనకు దిగువగా, వాలు నడుమనున్న మెరకయే ఉత్తమము. చాల కొండపల్లెలను చూడుడు: తడిపొలము లోయ అడుగున, ఇండ్లు దానికి పైయెత్తున ఉండును. పల్లె చేరువ బసచేయుట మరింత మేలు. ఊరిపెద్ద నడిగి, ఆయన చూపిన తావున దిగవలెను. డిసెంబరులో 5-30 గంటలకు ముందే ప్రొద్దు క్రుంకును. లోయలలో ఎండ అంతకు చాల ముందే తొలగును. గాన మధ్యాహ్నము 3-30 గంటలకే నడక చాలించుట యుక్తము.

పక్కమీద కప్పుకొనునది ఎంత ముఖ్యమో, క్రింద పరచుకొనునదియు అంత ముఖ్యము. ఎంత మంచి గొంగళి కప్పుకొన్నను, క్రింద ఎండుగడ్డి దట్టముగా పరువనిచో నేల ఒంటి వేడిని లాగివేయును. చెమటతో తడిసిన బట్టను బసచేరిన వెంటనే మార్చి, పొడిబట్ట కట్టవలెను. జీలుగు కల్లు వేడి నిచ్చునని కొందరందురు. మత్తుపానీయమువలన రక్తము చర్మమునకు ప్రాకి వెచ్చగా తోచునే కాని, లోని వేడి బయటికి పోవును. చోడి అంబలి వేడివేడిగా త్రాగుట మేలు. నెగడు అనుమతించిన తావుననే వేయవలెను; పరుండుటకు ముందు నీళ్లు పోసి పూర్తిగా ఆర్పవలెను. నిప్పుల కుంపటిని గుడారములోనికి మాత్రము ఎన్నడును కొనిపోరాదు. బొగ్గునుండి వెలువడు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువాడు నిద్రలోనే ప్రాణము విడుచును.

ఇక దోమ సంగతి. చలికాలమున దోమ లుండవని మైదానమువారు తలంతురు. మన్యములో ఈ నమ్మకము ప్రమాదకరము. మలేరియా దోమవలన కలుగునను సత్యమునకు ఆధారమును 1897లో రోనాల్డు రాస్ మన సికింద్రాబాదులోనే కనుగొనెను. ఈ కొండలలో ఆ జ్వరమును వ్యాపింపజేయు దోమలలో ఒక జాతి తేటనీటి గెడ్డలలో, తడిమళ్ల కాలువలలో పెరుగును. వానలు వెనుకబట్టిన పిదప, చల్లని మాసములలోనే దాని విజృంభణ హెచ్చు. గెడ్డ ఒడ్డును విడువుమనుటకు ఇది రెండవ కారణము. మెరకకు పోయినంత మాత్రమున దోమ రాదని కాదు. దోమతెర తప్పక ఉండవలెను. త్రాగునీటిని కాచి త్రాగవలెను.

దోమ కుట్టిన నాడే జ్వరము రాదు. సామాన్యముగా వారము మొదలు రెండు వారముల వరకు, ఒక్కొక్కప్పుడు ఇంకను ఆలస్యముగ, అది బయలుపడును. అప్పటికి నడచినవాడు ఇల్లు చేరి, కొండసంగతి మరచి, పడిసెపు జ్వరమని ఊరకుండును. మన్యపు మలేరియాలో మెదడున కెక్కు రకము కలదు. దానికి ఒకటి రెండు దినముల ఆలస్యమే ప్రాణాంతకము. కావున తిరిగివచ్చిన కొన్ని వారములలో జ్వరము తగిలినచో ఆనాడే వైద్యుని చూచి, తాను సాలూరు కొండలలో రాత్రులు గడపితినని మొదటనే చెప్పి, రక్తపరీక్ష చేయించుకొనవలెను.