కూల్చిన కట్టడాల సామగ్రితో ప్రజా ఉద్యానవనాలు

(ప్రత్యేక వ్యాసం)

పట్టణాలు విస్తరిస్తున్నకొద్దీ పాత కట్టడాలు నేలమట్టమై వాటి స్థానంలో కొత్తవి వెలుస్తున్నాయి. మన దేశంలో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల భవన నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలు ఏర్పడుతున్నాయని కేంద్ర ప్రభుత్వ ఆధ్వర్యంలోని భవన నిర్మాణ సామగ్రి, సాంకేతిక ప్రోత్సాహక మండలి అంచనా వేసింది. ఈ శిథిలాలలో అధిక భాగం ఊరి చివరి ఖాళీ స్థలాలకు, చెరువు శిఖాలకు, వాన నీటి నాలాలకు చేరుతున్నది. చెరువు పూడి, నాలా మూసుకుపోయి, మొదటి పెద్ద వానకే లోతట్టు కాలనీలు మునుగుతున్నాయి. అదే పట్టణంలో ఉద్యానవనానికి, కాలిబాటకు, బస్సు స్టాపుకు కావలసిన రాయి, కంకర, ఇసుకను క్వారీల నుంచి, నదుల నుంచి కొత్తగా తెప్పించడం జరుగుతున్నది. ఒకచోట భారమైనది మరొకచోట అవసరమైన వస్తువే. ఈ రెంటినీ కలిపే విధానాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చండీగఢ్ చూపిన దారి

ఈ విషయంలో దేశానికి మార్గదర్శకమైనది చండీగఢ్‌లోని రాక్ గార్డెన్. కొత్త రాజధాని నిర్మాణం కోసం ఆ ప్రాంతంలోని పల్లెలను తొలగించినప్పుడు ఇళ్ల శిథిలాలు గుట్టలుగా మిగిలాయి. ప్రజా పనుల శాఖలో రోడ్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న నేక్ చంద్ 1957 నుంచి వాటిని తన సైకిలుపై తరలించి, సుఖ్నా సరస్సు సమీపంలోని అటవీ స్థలంలో భద్రపరిచారు. ఏళ్ల తరబడి సేకరణ సాగించి, విరిగిన పలకలు, పింగాణీ ముక్కలు, గాజులు, రాళ్లతో బొమ్మలు, గోడలు, బాటలు తీర్చిదిద్దారు. నిర్మాణాలు నిషేధించిన స్థలం కావడంతో 1975లో ఇది అధికారుల దృష్టికి వచ్చినప్పుడు, కూల్చివేయడానికి వారికి చట్టబద్ధమైన అధికారం ఉన్నది. అయినా చండీగఢ్ పాలనా యంత్రాంగం దానిని కాపాడి, 1976లో ప్రజల సందర్శనార్థం ప్రారంభించింది. నేక్ చంద్‌కు జీతంతోపాటు 50 మంది పనివారిని సమకూర్చింది. పగిలిన వస్తువుల సేకరణకు నగరంలో కేంద్రాలు ఏర్పాటయ్యాయి. సుమారు 40 ఎకరాలకు విస్తరించిన ఆ ఉద్యానవన సృష్టికర్తకు 1984లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆయన 2015లో కన్నుమూశారు.

దాదాపు అదే కాలంలో గ్రీసు దేశంలోనూ ఇటువంటి ప్రయత్నం జరిగింది. ఏథెన్స్ నగరంలో ఆక్రొపొలిస్ కొండ పరిసరాల కాలిబాటలను 1954-57 మధ్య వాస్తుశిల్పి దిమిత్రిస్ పికియోనిస్ రూపొందించారు. నగరంలో కూల్చివేసిన పాత ఇళ్ల పాలరాతి ముక్కలను, మట్టి పలకలను పనివారి చేత ఒక్కొక్కటిగా అమర్పించారు. ఆ బాటలపై నేటికీ యాత్రికులు నడుస్తున్నారు. ఈ రెండు ఉదాహరణలలోనూ చేతికందిన సామగ్రిని బట్టి రూపకల్పన సాగడం గమనార్హం.

ముందు జాబితా, తర్వాత నమూనా

సాధారణంగా ఉద్యానవనానికి ముందు నమూనా గీసి, తర్వాత సామగ్రికి ఆర్డరు ఇస్తారు. పాత సామగ్రి విషయంలో ఈ క్రమాన్ని తిరగవేయవలసి ఉంటుంది. కూల్చబోయే భవనంలో ఎన్ని బండలు, ఎన్ని దూలాలు, ఎంత ఇటుక, ఎంత కాంక్రీటు లభిస్తుందో ముందుగా జాబితా తయారు చేయాలి. ఆ జాబితా చేతికి వచ్చిన తర్వాతనే బాట వెడల్పు, అరుగుల కొలతలు, మెట్ల సంఖ్య నిర్ణయించాలి.

విప్పే పద్ధతి కూడా ముఖ్యమే. భవనాన్ని కట్టిన క్రమానికి వ్యతిరేక క్రమంలో, అనగా తలుపులు, కిటికీలు, పైకప్పు, దూలాలు, నేల బండలు, చివరకు గోడలు అనే వరుసలో విప్పినట్లయితే సామగ్రి చెక్కుచెదరదు. యంత్రంతో ఒక్కసారిగా కూల్చినట్లయితే అంతా కలిసిపోయి, వేరుచేసే ఖర్చు పెరుగుతుంది. సున్నపు మాలుతో కట్టిన పాత గోడల నుంచి ఇటుక శుభ్రంగా ఊడి వస్తుంది. సిమెంటు మాలు ఇటుక కంటే గట్టిగా పట్టి ఉండడం వలన విప్పేటప్పుడు ఇటుకే విరుగుతుంది. అటువంటి గోడను కంకరగా మార్చడమే మేలు.

తెలుగు ప్రాంతాల పాత ఇళ్లలో కడప, బేతంచెర్ల, తాండూరు బండలు, బెంగుళూరు పెంకులు, టేకు దూలాలు, గుమ్మాలు విరివిగా ఉంటాయి. గుమ్మాలకు, దూలాలకు మన పట్టణాలలో పాత సామాను అంగళ్లు ఎప్పటినుంచో ఉన్నాయి. కొనేవారు లేక చెరువు పాలవుతున్నది ఇటుక ముక్కలు, కాంక్రీటు పెళ్లలే. కనుక ప్రజా స్థలాల రూపకల్పనలో వీటికే ప్రథమ స్థానం కల్పించవలసి ఉన్నది.

ఏ సామగ్రి ఎక్కడ

పాత సామగ్రిని మూడు తరగతులుగా విభజించవచ్చు. మొదటిది, ఉన్నదున్నట్లుగా వాడదగినది. నేల బండలు కాలిబాటలకు, అరుగులకు, చెట్ల చుట్టూ కట్టే దిమ్మెలకు పనికివస్తాయి. రెండవది, ముక్కలుగా వాడదగినది. కాంక్రీటు పెళ్లలను, రాళ్లను ఇనుప తీగ బుట్టలలో పేర్చి, ఏటవాలు నేల కోతకు గురికాకుండా తక్కువ ఎత్తు అడ్డుగోడలు నిర్మించవచ్చు. రంగు పలకల ముక్కలు గోడల అలంకరణకు తగినవి. మూడవది, పొడిచేసి వాడదగినది. మరపట్టిన కాంక్రీటు బాటల అడుగు పొరకు, పేవర్ బ్లాకులకు, కెర్బు రాళ్లకు ఉపకరిస్తుంది.

ఇందుకు ప్రామాణిక ఆధారం కూడా ఉన్నది. భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో సవరించిన ఐఎస్ 383 ప్రమాణం, పాత కాంక్రీటు నుంచి తీసిన కంకరను ఇనుము వాడని సాదా కాంక్రీటులో 25 శాతం వరకు, ఎం25 శ్రేణికి మించని ఇనుప కాంక్రీటులో 20 శాతం వరకు, ఎం15 కంటే తక్కువ శ్రేణి లీన్ కాంక్రీటులో 100 శాతం వరకు అనుమతించింది. బహుళ అంతస్తుల భవనంతో పోల్చినప్పుడు కాలిబాటపై పడే భారం స్వల్పం. కావుననే పునర్వినియోగానికి ఆరుబయలు ప్రజా స్థలాలు అత్యంత అనువైనవి. బండల మధ్య సిమెంటుకు బదులు ఇసుక నింపినట్లయితే వాన నీరు నేలలోకి ఇంకి, భూగర్భ జలానికి తోడ్పడుతుంది.

పాటించవలసిన జాగ్రత్తలు

పాతదైన ప్రతి వస్తువూ పనికిరాదు. ఆస్‌బెస్టాస్ రేకులను పగలగొట్టినప్పుడు వెలువడే సన్నని నార ఊపిరితిత్తులలో చేరి ప్రాణాంతక వ్యాధులకు దారితీస్తుంది. వాటిని మొదటే వేరుచేసి, ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం తరలించాలి. పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఉన్నందున, రంగు వేసిన పాత కలపను పరీక్షించకుండా పిల్లల ఆట పరికరాలకు వాడరాదు. కాంక్రీటు పొడి క్షార గుణం కలది. మొక్కల వేళ్ల వద్ద, కొలనుల అంచున దానిని పరచరాదు. నునుపు పలకలు వానలో జారుతాయి గనుక నడిచే చోట గరుకు రాయినే ఎంచుకోవాలి. చక్రాల కుర్చీలో వచ్చేవారికి, వృద్ధులకు బాట ఎగుడుదిగుడుగా ఉండరాదు. వాలు బాట 1:12 కంటే నిటారుగా ఉండరాదు. పొదుపు పేరిట భద్రతను విస్మరించినట్లయితే ప్రజలు ఆ స్థలానికే దూరమవుతారు.

నిబంధనలు, పాలనా బాధ్యత

కేంద్ర ప్రభుత్వం 2016 మార్చి 29న భవన నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిర్వహణ నిబంధనలను ప్రకటించింది. రోజుకు 20 టన్నులకు మించి లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులకు మించి వ్యర్థాలను ఉత్పత్తి చేసేవారు కాంక్రీటు; మట్టి; ఉక్కు, కలప, ప్లాస్టిక్; ఇటుక, మాలు అనే నాలుగు విభాగాలుగా వేరుచేయాలని అందులో నిర్దేశించింది. నాణ్యతకు లోబడి మునిసిపల్, ప్రభుత్వ కాంట్రాక్టులలో 10 నుంచి 20 శాతం వరకు ఇటువంటి వ్యర్థాలతో తయారైన సామగ్రిని వినియోగించాలన్న అంశం కూడా వాటిలో ఉన్నది. వీటి స్థానంలో 2025లో కొత్త నిబంధనలను ప్రకటించి, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించారు. ఢిల్లీలోని బురారీలో 2009లోనే శుద్ధి కేంద్రం ప్రారంభమైంది. హైదరాబాద్‌లోని జీడిమెట్లలో రోజుకు 500 టన్నుల సామర్థ్యం గల కేంద్రం 2020లో ప్రారంభమైంది.

అయితే నిబంధన, యంత్రం ఉన్నంత మాత్రాన పని పూర్తికాదు. కూల్చివేత పని ఒక శాఖది, ఉద్యానవనం పని మరొక శాఖది అయినప్పుడు మధ్యలో సామగ్రి మాయమవుతుంది. అంచనా ధరల పట్టికలో పాత బండకు, మరపట్టిన కంకరకు ధర లేకపోతే, ఇంజనీరు దానిని వాడాలనుకున్నా బిల్లు పెట్టలేరు. వాడినట్లయితే ఆడిట్ అభ్యంతరం ఎదుర్కొనవలసి వస్తుంది. కనుక కూల్చివేత టెండరులోనే సామగ్రి జాబితాను, దానిని అప్పగించవలసిన స్థలాన్ని చేర్చడం, దగ్గరలో నిల్వ యార్డు ఏర్పాటు చేయడం, ధరల పట్టికలో పాత సామగ్రికి చోటు కల్పించడం, ముందుగా కొద్ది గజాల బాట నిర్మించి ఒక వానాకాలం పరిశీలించడం అనే నాలుగు చర్యలు అవసరం. మరమ్మతుల కోసం కొంత సామగ్రిని మిగిల్చి ఉంచడం కూడా మరువరాదు.

పత్రికా ప్రతినిధుల పాత్ర కూడా ఇందులో తక్కువేమీ కాదు. ఒక ప్రభుత్వ భవనాన్ని కూల్చినట్లు వార్త రాసేటప్పుడు, దాని శిథిలాలు ఎన్ని టన్నులు, అవి ఎక్కడికి చేరాయి అన్న ప్రశ్నను చేర్చినట్లయితే ప్రజలలో అవగాహన, అధికారులలో జవాబుదారీతనం రెండూ పెరుగుతాయి.

1957లో నేక్ చంద్ చాటుగా చేయవలసి వచ్చిన పనిని నేడు చట్టమే చేయమంటున్నది. నాటి అధికారులు నిబంధనకు మించిన విశాల దృష్టితో ఒక ఉద్యానవనాన్ని నిలబెట్టారు. నేటి అధికారులు ఉన్న నిబంధనను శ్రద్ధగా అమలు చేసినా చాలు, చెరువులు శిథిలాల నుంచి బయటపడతాయి. ప్రతి పట్టణానికీ నీడనిచ్చే ఒక అరుగు, నడవడానికి ఒక బాట సమకూరుతాయి.