సీతాకోకచిలుక కత్తి: గుర్తింపు, విలువ

మా మిత్రులొకరు కొంతకాలము క్రిందట తమ తండ్రిగారి పాత పెట్టెలో దొరికిన కత్తి నొకదానిని తెచ్చి మాకు చూపించిరి. ఆ పెద్దలు ఓడలపై ఉద్యోగము చేసినవారు. మనీలా రేవులో దానిని కొన్నట్లు ఇంట చెప్పుకొందురు. దానికి వెల యెంత రావచ్చునని మిత్రుల ప్రశ్న. కత్తి తళతళ మెరయుచున్నది. ముందురోజుననే వారు దానిని గరుకు కాగితముతో తోమిరట. తుప్పుతోబాటు అలుగు మొదట చెక్కియున్న అక్షరములును పోయినవి. అవి యేమో వారికి గుర్తు లేదు. వారి ప్రశ్నకు జవాబు చాలవరకు ఆ అక్షరములలోనే యుండెను. ఇట్టి నష్టము మరియొక యింట కలుగకుండుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మామూలు మడతచాకునకు పిడి ఒక్కటే. సీతాకోకచిలుక కత్తికి రెండు పిడిచెక్కలుండును. అలుగు మొదట నున్న రెండు ఇరుసులపై అవి తిరుగును. మూసినపుడు రెండును కలిసి అలుగును కప్పి ఒరవలె నుండును. తెరచినపుడు వెనుకకు తిరిగి, ఒకటిగా కలిసి, పిడి యగును. చివర నుండు చిన్న గడియ వానిని విడిపోకుండ పట్టియుంచును. అలుగును తెరచుటకు స్ప్రింగు ఉండదు. పిడిచెక్కలు రెక్కలవలె విచ్చుకొనుటచే ఈ పేరు వచ్చినది.

ఫిలిప్పీన్ దీవులలో దీనిని బాలిసాంగ్ అందురు. లుజాన్ దీవిలోని బటాంగాస్ రాష్ట్రమున, తాల్ పట్టణ పరిధిలో, బాలిసాంగ్ అను పేరుగల పల్లెయే కలదు. ఈ కత్తుల పనికి ఆ పల్లె ప్రసిద్ధి చెందినది. అచ్చటి పనివారు పిడికి దున్నపోతు కొమ్మును, ఎముకను, కొయ్యను, ఇత్తడిని వాడుదురు. మోటారు బండ్ల కమాను పట్టీల ఉక్కు అలుగుగా మారుటయు కలదు. తెరచినపుడు 29 సెంటీమీటర్ల పొడవుండు రకమునకు ఆ సంఖ్యయే పేరు. ఇట్టి కత్తులు ఐరోపాలోను తయారైనవి. కనుక రెండు పిడిచెక్కలున్నంత మాత్రమున అది మనీలా నుండి వచ్చినదని నిర్ణయింపరాదు.

అమెరికాలో ఈ కత్తికి గిరాకి పెంచినవారిలో లెస్ డి అసిస్ ముఖ్యులు. ఆయన 1979లో కాలిఫోర్నియాలో బాలీ-సాంగ్ అను సంస్థను స్థాపించిరి. అది తరువాత పసిఫిక్ కట్లరీ యైనది. 1987లో దివాలా తీసినది. 1988లో ఆయనయే బెంచ్‌మేడ్ పేరుతో మరల ప్రారంభించి, 1990లో ఆరెగాన్ రాష్ట్రమునకు తరలించిరి. సీతాకోకచిలుకయే ఆ సంస్థ చిహ్నము. కావున పసిఫిక్ కట్లరీ అను పేరు అలుగుపై నున్నచో అది 1988కి ముందరి కాలమును సూచించును. ఇట్లు ఒక్క మాట కాలమును పట్టియిచ్చును.

దేశము పేరును అంతే ముఖ్యము. అమెరికాకు దిగుమతి యగు కత్తులపై తయారైన దేశము పేరు చెరగని విధమున ఉండవలెనని 1930 నాటి సుంకముల చట్టము విధించినది. "జపాన్" అనియో "తైవాన్" అనియో ముద్ర యున్నచో ఎగుమతికై చేసినదని ఊహింపవచ్చును. ఏ ముద్రయు లేనిది ప్రయాణికుడు సంతలో కొనితెచ్చినది కావచ్చును.

తరువాత పిడిని చూడవలెను. ఒకే లోహపు ముక్కను కాలువవలె తొలిచి చేసినది ఒక పద్ధతి; రెండు పలకలను చీలలతోనో మరలతోనో కూర్చినది రెండవ పద్ధతి. మొదటిది సాధారణముగ ఎక్కువ దృఢము. పిమ్మట అయస్కాంతమును చూపవలెను. ఇత్తడి దానికి అంటదు. పచ్చని పిడి పొడవునా అంటుకొన్నచో అది పైపూత యేమోనని అనుమానింపవలెను. పేరొందిన సంస్థల కత్తులకు నకళ్లును కలవు. అక్షరములు వంకరగా నుండుట, ఇరుసులు వదులుగా నుండుట, పిడిచెక్కలు సరిగా కలియకుండుట వాని లక్షణములు.

విలువ నిర్ణయించునవి నాలుగు: చేసినవారు, అరుదుతనము, స్థితి, చరిత్ర. గడియ విరిగినను, చీలలు మార్చినను, అలుగును సానపట్టి సన్నము చేసినను వెల తగ్గును. కొన్ననాటి పెట్టె, రసీదు ఉన్నచో పెరుగును. వర్తకుడు అడుగు ధర వేరు, కొన్నవాడు ఇచ్చిన ధర వేరు, పోల్చవలసినది రెండవదానితో.

తుప్పు కనబడినచో మెత్తని పొడిగుడ్డతో తుడిచి, ఒక చుక్క ఖనిజతైలము రాయుట చాలును. తోలు ఒరలో చిరకాలము ఉంచరాదు. తోలు చెమ్మను పట్టి లోహమును చెరచును. గిరగిర త్రిప్పి చూచుట వ్రేళ్లకు ముప్పు. పిల్లల కందనిచోట ఉంచుడు.

చట్టమును మరువరాదు. బ్రిటన్‌లో 1988లోను, జర్మనీలో 2003లోను ఈ కత్తులు నిషేధింపబడినవి. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము, దాని నియమములు కలవు. తెప్పించుటకు, అమ్ముటకు ముందుగా పోలీసు, కస్టమ్స్ అధికారులను విచారించుట మేలు. ఏనుగు దంతపు వ్యాపారము మనదేశమున నిషిద్ధమని పిడి విషయమున గుర్తుంచుకొనవలెను.

మా మిత్రులకు వెల చెప్పలేకపోతిమి. తండ్రిగారు పనిచేసిన ఓడ పేరు, తెలిసిన సంవత్సరములు, ఇంట వినిన మాటలు ఒక కాగితముపై వ్రాసి కత్తితో ఉంచుడని మాత్రము చెప్పితిమి. వారట్లే చేసిరి. అక్షరములు పోయిన కత్తికి ఇప్పుడు ఆ కాగితమే ముద్ర. మీ యింట ఇట్టి వస్తువున్నచో, తోముటకు ముందు చదువుడు. చదివినదానిని వ్రాసి ఉంచుడు.