నీళ్లు అక్కరలేని చెట్టుకూ సేవ తప్పదు

కడియం: తూర్పు గోదావరి జిల్లాలో కడియం, కడియపులంక, వేమగిరి అనగానే ఎవరికైనా గుర్తుకు వచ్చేవి మొక్కలు. ఇక్కడి నర్సరీలలో పెరిగిన మొక్కలు లారీలెక్కి ఇతర రాష్ట్రాలకు తరలిపోతుంటాయి. అటువంటి ప్రాంతంలోనూ ఇళ్ల హాళ్లలో, బట్టల కొట్లలో, కల్యాణ మండపాలలో ప్లాస్టిక్ చెట్లు దర్శనమిస్తున్నాయి. వెదురు, అరటి, ఈత, మర్రి.. ఏ చెట్టు కావాలన్నా కుండీతో సహా బజారులో దొరుకుతున్నది.

దీనికి కారణం లేకపోలేదు. ఎండ పొడ సోకని గదులు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లు, నాలుగు రోజులు ఊరికి వెళితే కుండీలో నీళ్లు పోసే దిక్కు లేకపోవడం.. ఇవన్నీ కలిసి బొమ్మ చెట్టును ఇంటికి తెప్పిస్తున్నాయి. 'ఒకసారి కొంటే చాలు, ఇక పని లేదు' అన్నది కొనేవారి భరోసా. చిక్కంతా ఇక్కడే వస్తున్నది.

కొలువు నేర్పిన పద్ధతి

బొమ్మ చెట్టు తెలుగు వారికి కొత్త కాదు. తెల్లపొణికి కొయ్యతో చేసిన కొండపల్లి తాటిచెట్టు, దానిపైకి ఎక్కుతున్న గీత కార్మికుడు పండుగనాటి బొమ్మల కొలువులో ఎప్పటినుంచో ఉన్నవే. అయితే పండుగ కాగానే ఆ బొమ్మలను తుడిచి, పాత గుడ్డలో చుట్టి పెట్టెలో భద్రపరచేవారు. క్రైస్తవుల ఇళ్లలో క్రిస్మస్‌కు సరుగుడు కొమ్మ నిలిపి నక్షత్రం కట్టినా పండుగ వరకే. నేటి ప్లాస్టిక్ చెట్టు ఏడాది పొడవునా హాలులోనే నిలబడి ఉంటుంది. వాన తడపదు, ఆకు రాలదు. కనుక పడిన దుమ్ము పడినట్టే ఉండిపోతుంది.

రోడ్డు దుమ్ముకు వంటింటి పోపు పొగ తోడైతే ఆకు జిడ్డు పడుతుంది. ఆ తర్వాత ఎంత దులిపినా వదలదు. చెట్టు మొదట్లో సాలెపురుగులు గూళ్లు కడతాయి. ఫ్యాను తిరిగినప్పుడల్లా ఆ దుమ్మే మళ్లీ గాలిలోకి లేస్తుంది. ఉబ్బసం, తుమ్ముల బాధ ఉన్నవారికి ఇది చేటు. పాత పి.వి.సి. సరుకులో సీసం కలిసే అవకాశం ఉంది. కాబట్టి పాకే పిల్లలున్న ఇంట్లో ఆకులు నోటికి అందకుండా చూడాలి.

శుభ్రం చేసే తీరు

వారానికి ఒకసారి మెత్తని బ్రష్షుతో గాని, పొడిగుడ్డతో గాని పై కొమ్మ నుంచి కిందికి దులపాలి. కింద మొదలుపెడితే పై దుమ్ము మళ్లీ కిందికే దిగుతుంది. కింద పాత దుప్పటి పరిస్తే గది పాడవదు. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మంచిది.

జిడ్డు పట్టిన ప్లాస్టిక్ ఆకులను బక్కెట్ గోరువెచ్చని నీటిలో చెంచాడు షాంపూ కలిపి, ఆ నీటిలో పిండిన గుడ్డతో ఒక్కొక్కటిగా తుడవాలి. తర్వాత మంచినీటి గుడ్డతో మరోసారి తుడిచి నీడన ఆరబెట్టాలి. మరిగే నీళ్లు పోస్తే ఆకు వంకరపోతుంది. బ్లీచింగ్ నీళ్లు తగిలితే రంగు పోతుంది. చెట్టును నీళ్లలో ముంచి ఉంచరాదు. లోపలి ఇనుప తీగ తుప్పు పడుతుంది. గుడ్డ ఆకులైతే వెనుక ఉన్న ఒక్క ఆకును తడిపి చూసి, రంగు దిగకపోతేనే ముందుకు పోవాలి. తడి ఆరకుండా చెట్టును మడిచి అటక ఎక్కిస్తే బూజు పట్టడం ఖాయం.

దీపానికి దూరం

చెట్టును నిలిపే చోటు విషయంలో అలంకరణ కన్నా జాగ్రత్త ముఖ్యం. దేవుడి గూటి దగ్గర, అగరువత్తుల పక్కన, పొయ్యికి సమీపంలో ప్లాస్టిక్ ఆకులు ఉంచరాదు. నిప్పంటుకుంటే త్వరగా వ్యాపిస్తుంది. పి.వి.సి. కాలితే వచ్చే పొగలో కళ్లను, ఊపిరితిత్తులను మండించే ఆమ్ల వాయువు ఉంటుంది. సీరియల్ బల్బులు చుట్టినవారు పడుకునే ముందు స్విచ్ ఆపాలి. తేలికపాటి కుండీలో ఇటుక ముక్కలో ఇసుకో వేస్తే పిల్లలు లాగినా చెట్టు మీద పడదు. నేరుగా ఎండ తగిలే కిటికీ దగ్గర పెడితే ఆకులు వెలిసి పెళుసెక్కుతాయి. పది చిన్న కుండీలకన్నా మూలన ఒక్క పెద్ద చెట్టు అందం, తుడవడమూ తేలిక.

పాతబడిన చెట్టును చెత్తకుప్పలో వేసి తగలబెట్టడం మరో పొరపాటు. అలంకరణకు వాడే థర్మాకోల్‌ను కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి నిషేధించింది. ప్లాస్టిక్ ఆకులు ఆ జాబితాలో లేవు. అంతమాత్రాన అవి మట్టిలో కలిసిపోవు. ఉన్న చెట్టును శుభ్రంగా ఉంచుకుని ఎక్కువ కాలం వాడుకోవడమే మేలు.

కొత్తగా కొనదలచినవారు మాత్రం ఒక్క లెక్క చూసుకోవాలి. మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు వంటివి తక్కువ వెలుతురులోనూ బతుకుతాయి. స్నేక్ ప్లాంటుకు మట్టి బాగా ఎండిన తర్వాతే నీరు పోయాలి. మనీప్లాంటును సీసా నీళ్లలో పెంచితే దోమలు చేరకుండా వారానికొకసారి నీళ్లు మార్చాలి. ప్లాస్టిక్ చెట్టుకు వారం వారం గుడ్డ పట్టే తీరిక ఉన్న ఇంట్లో, ఆ తీరికతోనే బతికిన మొక్క ఒకటి పెరుగుతుంది. ఆ మొక్కకు పెట్టిన డబ్బు కడియంలో అంటు కట్టిన చేతికి అందుతుంది.