భారతదేశంలో ఉచిత న్యాయ సహాయం, సంస్కరణలు

ఉచిత న్యాయ సహాయం అంటే న్యాయవాదిని పెట్టుకొనే స్తోమత లేనివారికి ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని ఏర్పాటు చేయడం, కోర్టు రుసుములు, పత్రాల నకళ్ళు మొదలైన ఖర్చులు భరించడం. భారతదేశంలో ఇది రాజ్యాంగబద్ధమైన హక్కు. ఈ హక్కును గుర్తించే పని 1970, 1980 దశకాలలోనే చాలావరకు పూర్తయినది. పేదవానికి లభించే న్యాయవాది పేరుకు మాత్రమే కాక, కేసు చదివి సమర్థంగా వాదించేవాడై ఉండేటట్లు చూడడం తరువాతి సంస్కరణల ప్రధాన లక్ష్యం. 2022లో అమలులోకి వచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతి వీటిలో ముఖ్యమైనది.

ఆవశ్యకత

క్రిమినల్ కేసులో ప్రభుత్వం తరఫున పోలీసులు దర్యాప్తు చేస్తారు, పబ్లిక్ ప్రాసిక్యూటరు వాదిస్తారు. వీరిద్దరికీ ప్రభుత్వమే జీతం ఇస్తుంది. నిందితుడు పేదవాడైతే అతని పక్షాన ఎవరూ ఉండరు. 2022 సంవత్సరాంతానికి దేశంలోని సుమారు 5.73 లక్షల మంది ఖైదీలలో సుమారు 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. అనగా వారి నేరం ఇంకా రుజువు కాలేదు.

న్యాయవాది లేకపోతే కలిగే నష్టానికి ఒక ఉదాహరణ: నేర తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజులలోగా పోలీసులు చార్జిషీటు దాఖలు చేయకపోతే నిందితుడు బెయిలుకు హక్కుదారుడవుతాడు. అయితే చార్జిషీటు దాఖలు కాకముందే అతడు బెయిలు కోరాలి. గడువు ముగిసిన సంగతి చెప్పేవారు లేక, మరునాడు చార్జిషీటు దాఖలైతే ఆ హక్కు చేజారిపోతుంది.

చరిత్ర

1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 304వ సెక్షన్, సెషన్స్ కోర్టు విచారణలో న్యాయవాది లేని పేద నిందితునికి ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని నియమించాలని నిర్దేశించినది. (2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 341వ సెక్షన్ దీని స్థానంలో ఉన్నది.) 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 39-ఎ అధికరణ చేర్చబడినది. ఆర్థిక కారణాల వలన ఏ పౌరునికీ న్యాయం దూరం కారాదని ఇది రాజ్యానికి నిర్దేశిస్తుంది. జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్, జస్టిస్ పి.ఎన్.భగవతి అధ్యక్షత వహించిన కమిటీలు ఈ భావనకు రూపం కల్పించాయి.

సుప్రీం కోర్టు తీర్పులు

* హుసేనారా ఖాతూన్ కేసు (1979): బీహారు జైళ్ళలో కొందరు విచారణ ఖైదీలు తమ నేరానికి పడదగిన గరిష్ఠ శిక్షను మించిన కాలం మగ్గుతున్నారని పత్రికా కథనాల ద్వారా వెల్లడైనది. ఉచిత న్యాయ సహాయం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని కోర్టు ప్రకటించినది.
* ఖత్రీ కేసు (1981): నిందితుని మొదటిసారి మేజిస్ట్రేటు ముందు హాజరుపరచినప్పటి నుండే ఈ హక్కు వర్తిస్తుంది. ఆ సంగతి నిందితునికి తెలియజేయడం మేజిస్ట్రేటు బాధ్యత. నిధుల కొరతను ప్రభుత్వం సాకుగా చూపరాదు.
* సుక్ దాస్ కేసు (1986): నిందితుడు అడగలేదన్న కారణంతో సహాయం నిరాకరించరాదు. న్యాయవాది లేకుండా జరిగిన విచారణలో పడిన శిక్షను కోర్టు రద్దు చేసినది.

1987 చట్టం

న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో ఆమోదం పొంది, 1995 నవంబరు 9న అమలులోకి వచ్చినది. దీని ప్రకారం జాతీయ స్థాయిలో నల్సా అని పిలువబడే జాతీయ న్యాయ సేవాధికార సంస్థ, దాని క్రింద రాష్ట్ర, జిల్లా సంస్థలు ఏర్పడ్డాయి. రాష్ట్ర విభజన అనంతరం ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలకు వేర్వేరు రాష్ట్ర సంస్థలున్నాయి. తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి.రమణ 2019-21 మధ్య నల్సా కార్యనిర్వాహక అధ్యక్షులుగా పనిచేశారు.

చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం అర్హులు:

* షెడ్యూల్డు కులాలు, తెగలవారు
* స్త్రీలు, బాలలు
* వికలాంగులు
* మనుషుల అక్రమ రవాణాకు లేదా వెట్టికి గురైనవారు
* వరద, కరవు, భూకంపం, కులపరమైన దాడులు మొదలైన వాటి బాధితులు
* పారిశ్రామిక కార్మికులు
* నిర్బంధంలో ఉన్నవారు
* నిర్ణీత పరిమితి కంటె తక్కువ ఆదాయం గలవారు

మొదటి ఏడు వర్గాలకు ఆదాయ పరిమితి లేదు. సంపన్న కుటుంబపు స్త్రీ కూడ ఈ సహాయానికి అర్హురాలే.

పాత పద్ధతి, కొత్త పద్ధతి

మొదటి నుండి ఉన్నది ప్యానెల్ పద్ధతి. సొంత ప్రాక్టీసు ఉన్న న్యాయవాదుల జాబితా నుండి ఒకరికి కేసు అప్పగించి, కేసుకు ఇంత అని రుసుము చెల్లిస్తారు. రుసుము స్వల్పం కావడం, అదీ ఆలస్యంగా అందడం, న్యాయవాది కక్షిదారుని జైలుకు వెళ్ళి కలవకపోవడం దీనిపై తరచు వినిపించిన విమర్శలు.

లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతి దీనికి భిన్నమైనది. జిల్లా స్థాయిలో ఒక కార్యాలయం, అందులో చీఫ్, డిప్యూటీ, అసిస్టెంటు అనే మూడు అంచెల న్యాయవాదులు ఉంటారు. చీఫ్‌కు క్రిమినల్ కేసులలో కనీసం 10 సంవత్సరాల అనుభవం ఉండాలి. వీరు నెల వేతనంపై పూర్తికాలం పనిచేస్తారు, ప్రైవేటు కేసులు చేపట్టరాదు. రిమాండు, బెయిలు, విచారణ, అప్పీలు దశలన్నిటిలో నిందితుని పక్షాన వాదిస్తారు. సివిల్ కేసులు, నేర బాధితుల కేసులు ప్యానెల్ న్యాయవాదుల వద్దనే ఉన్నాయి.

మిగిలి ఉన్న సమస్యలు

డిఫెన్స్ కౌన్సిళ్ళ నియామకం ఒప్పంద పద్ధతిలో జరుగుతుంది. జిల్లా సంస్థకు అధ్యక్షుడు జిల్లా జడ్జియే. తాము వాదించే కోర్టుకే తమ కొనసాగింపు విషయంలో ప్రమేయం ఉన్నప్పుడు న్యాయవాది ఎంత స్వతంత్రంగా ఉండగలడన్నది చర్చనీయాంశం. పని భారం మరొకటి. అమెరికాలో 1963 నాటి గిడియన్ తీర్పు తరువాత పబ్లిక్ డిఫెండర్ కార్యాలయాలు విస్తరించాయి. కాని ఒక్కొక్కరిపై మితిమీరిన కేసులు పడడం అక్కడ దీర్ఘకాలంగా ఉన్న సమస్య.

అన్నిటికంటె బలహీనమైనది పోలీసు స్టేషను దశ. మానవ హక్కులకు అత్యధిక ముప్పు పోలీసు స్టేషన్లలోనే ఉన్నదని 2021 ఆగస్టులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ రమణ వ్యాఖ్యానించారు. జైళ్ళలోని న్యాయ సహాయ కేంద్రాలు సమర్థంగా పనిచేసేటట్లు చూడాలని 2024 అక్టోబరులో సుహాస్ చక్మా కేసులో సుప్రీం కోర్టు ఆదేశించినది.

సహాయం పొందే విధానం

జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవచ్చును. వ్రాయడం రానివారి వివరాలను అక్కడి సిబ్బంది నమోదు చేస్తారు. 15100 అనే ఉచిత ఫోను నంబరు ద్వారా కూడ సంప్రదించవచ్చును. జైలులో ఉన్నవారు జైలు అధికారుల ద్వారా దరఖాస్తు పంపవచ్చును.

ఇవి కూడా చూడండి

* లోక్ అదాలత్
* భారత రాజ్యాంగం
* ప్రజా ప్రయోజన వ్యాజ్యం