వీధి ఎవరిది?

మా హాస్టల్ నుంచి హైస్కూలుకు వెళ్ళాలంటే బజారు వీధి దాటాలి. అక్కడ నడిచేవాడికి చోటుండదు. ఒకపక్క మోటారు సైకిళ్ళు, ఇంకోపక్క ఆటోలు, మధ్యలో సరుకు దించే లారీ. పోయిన సంవత్సరం ఏడో తరగతి తమ్ముడొకడిని ఆటో గుద్దింది. నెలరోజులు కాలికి కట్టుతో మంచం మీదే ఉన్నాడు. ఈ ఏడు విహారయాత్రలో చార్మినారు దగ్గర నిలబడినప్పుడు మాకు వాడే గుర్తొచ్చాడు. అక్కడ రాతి పలకల మీద ముసలివాళ్ళు, చంటిబిడ్డల తల్లులు తాపీగా నడుస్తున్నారు. బండ్ల వీధిని మనుషుల చౌకుగా ఎలా మారుస్తారో మేము తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాం.

చార్మినారు చెప్పే పాఠం

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినారు కట్టించాడు. నాలుగు దిక్కుల నుంచి వచ్చే నాలుగు దారులు అక్కడ కలుస్తాయి. ఆ దారులు మోటార్ల కోసం వేసినవి కావు. తరువాతి కాలంలో బస్సులు, ఆటోలు కట్టడం చుట్టూనే తిరగసాగాయి. పొగ సున్నపు గచ్చును పాడుచేస్తుంది. అదురు పాత కట్టడాలకు మంచిది కాదు. అందుకే ఉమ్మడి రాష్ట్రంలోనే చార్మినారు పాదచారుల పథకం మొదలైంది. అది ఏళ్ళ తరబడి నెమ్మదిగా సాగింది. 2019 మే నెలలో ఒక మినారు నుంచి గచ్చు పెచ్చు ఊడిపడింది. పాత కట్టడానికి ఎంత జాగ్రత్త కావాలో అది అందరికీ తెలియజేసింది.

పని ఎలా జరుగుతుంది?

మొదట వాహనాలకు వేరే దారి చూపాలి. చార్మినారు విషయంలో చుట్టూ వలయంలాంటి రోడ్లు ఆలోచించింది ఇందుకే. దారి చూపకుండా వీధి మూసేస్తే పక్క సందులు ఇరుక్కుపోతాయి. రెండోది, నీటి గొట్టాలు, మురుగు కాలువ, కరెంటు తీగలు ముందే భూమిలో సర్దాలి. లేకపోతే పరిచిన రాళ్ళను మళ్ళీ పెకలించాల్సి వస్తుంది. మూడోది, వాన నీరు పోయేలా వాలు చూసి రాళ్ళు పరచాలి. చక్రాల కుర్చీకి మెట్టు అడ్డు రాకూడదు. చివరల్లో దిమ్మెలు పాతినా, అంబులెన్సు, ఫైరింజను వెళ్ళే వీలుండాలి. ఆ తర్వాత నీడ, తాగునీరు, మరుగుదొడ్లు, కూర్చోవడానికి అరుగులు. మన ఎండల్లో చెట్టులేని రాతి చౌకు మధ్యాహ్నం పెనంలా కాలుతుంది.

ఇంత ఖర్చు ఒక్కసారే పెట్టనక్కరలేదు. అమెరికాలోని న్యూయార్కు నగరంలో టైమ్స్ స్క్వేర్ వద్ద 2009లో బ్రాడ్వే రోడ్డులో కొంత భాగం కార్లకు మూసి, చౌక మడత కుర్చీలు వేశారు. అది ప్రయోగం మాత్రమే. నడిచేవారికి తగిలే గాయాలు 35 శాతం తగ్గాయని నగర అధికారులు లెక్క చెప్పారు. 2010లో దానిని శాశ్వతం చేస్తున్నట్టు ప్రకటించారు. రాళ్ళు, బల్లలు పరచడం ఆ తరువాతి మాట. ముందు చూసి తరువాత కట్టడం మంచి పద్ధతి అని మాకనిపించింది.

బండి ఎక్కడికి పోవాలి?

ఇక అసలు మాట. మాలో కొందరి అమ్మానాన్నలు తోపుడు బండ్ల మీద పళ్ళు, గంపల్లో పూలు అమ్మి మమ్మల్ని చదివిస్తున్నారు. ఎక్కడ వీధి అందంగా చేసినా ముందు లేచేది వాళ్ళ బండే. చౌకులో మనుషులు ఆగితేనే చిరువ్యాపారికి బేరం. చిరువ్యాపారి ఉంటేనే మనుషులు ఆగుతారు. ఒకరు లేకుండా ఇంకొకరు లేరు. దీనికి చట్టం కూడా ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే చేయాలి. ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. వారిలో మూడోవంతు స్త్రీలు. ఈ సంగతి మా అమ్మలకు తెలియదు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు చదివి వినిపించాలని అనుకున్నాం.

మా కోరిక

2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్డు మీద వాహనాల కంటే మనుషులకే ముఖ్యస్థానం ఇవ్వాలంది. మా బజారు వీధి చార్మినారు కాదు, టైమ్స్ స్క్వేరూ కాదు. కోట్లు అక్కరలేదు. బడి మొదలయ్యే గంట, విడిచే గంట బండ్లు ఆపి, తోపుడు బండ్లకు ఒక వరుస గీసిస్తే చాలు. ఈ మాట రాసి, అందరం సంతకాలు పెట్టి, వార్డెన్ గారి ద్వారా మునిసిపాలిటీకి పంపుతున్నాం. జవాబు వస్తే వచ్చే వార్షికోత్సవ సంచికలో రాస్తాం. రాకపోతే మళ్ళీ అర్జీ పెడతాం. మిత్రులారా, మీ ఊళ్ళో కూడా ఒక సాయంత్రం వీధి చివర నిలబడి చూడండి. అక్కడ నడిచేవారు ఎందరో, వాళ్ళకు మిగిలిన చోటు ఎంతో లెక్కపెట్టండి.